పాములు ఈనే కాలమే మనం నాటేసే కాలం

మిరుగం వచ్చింది. తొలకరి పడింది. నార్లు పోసుకునే పనిలో, పసుపు పెట్టే పనిలో, మక్క విత్తే పనిలో అందరం ఉన్నాం. ఈ నెల సంపాదకీయంలో విత్తనాల ధర గురించో, యూరియా గురించో రాస్తామని మీరు అనుకొని ఉంటారు. అవి లోపలి పేజీల్లో ఉన్నాయి. ఇక్కడ పాముల గురించి రాస్తున్నాం. ఎందుకో చెప్తాం.

పోయిన నెల కోరుట్ల దగ్గర ఒక ఊరిలో సంఘం సమావేశం జరిగింది. వడ్ల తూకంలో తరుగు తీయడం మీద మాట్లాడుకోవడానికి కూర్చున్నాం. మాటల్లో మాటగా ఒక రైతు చెప్పాడు: పెంటకుప్ప తోడుతుంటే తెల్లటి గుడ్లు బయటపడ్డాయట, ఒకదానికొకటి అంటుకొని, ముట్టుకుంటే మెత్తగా. నాగుపామువేమోనని భయపడి అన్నీ పారతో చితక్కొట్టాడు. ఆ మాట విని ఒక కూలి అక్క తన అనుభవం చెప్పింది. మక్క చేనులో కొట్టి చంపిన పొడపాము కడుపులోంచి బతికున్న పిల్లలు బయటికి వచ్చాయని, చూసినవాళ్లు 'పాము తన పిల్లల్ని తానే మింగింది' అన్నారని. అప్పుడు వెనక కూర్చున్న పెద్దాయన అడిగాడు: "ఇంతకూ పాము గుడ్డు పెడుతదా, పిల్లను కంటదా?"

తలా ఒక మాట చెప్పారు. కచ్చితంగా చెప్పినవాళ్లు లేరు. ఏడాది పొడవునా పాముల మధ్యే బతికేవాళ్లం, ఏ గడ్డి ఎప్పుడు మొలుస్తుందో, ఏ పురుగు ఏ కార్తెలో వస్తుందో చెప్పగలవాళ్లం. మన ప్రాణం తీసే జీవి ఎప్పుడు పిల్లలు చేస్తుందో చెప్పలేకపోయాం. దీన్ని మా లోపంగా కూడా తీసుకుంటున్నాం. సంఘం ఇన్నేళ్లుగా తెగుళ్ల గురించి, ధరల గురించి చెప్పింది గానీ దీని గురించి చెప్పలేదు.

ఇది తీరిక వేళ ముచ్చట కాదు. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని ఇంటింటి మరణాల సర్వే ఆధారంగా పరిశోధకులు 2020లో లెక్క తేల్చారు. అంటే ఏడాదికి 58 వేల మంది. ఆ మరణాల్లో 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే జరిగాయి. అందులో తెలంగాణ కలిసి ఉన్నప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చనిపోయినవాళ్లలో ఎక్కువ మంది పల్లెలవాళ్లు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి. మన సంపాదకీయమంతా దాని చుట్టే తిరుగుతుంది.

పెద్దాయన ప్రశ్నకు జవాబు: రెండూ నిజమే. కొన్ని పాములు గుడ్లు పెడతాయి, కొన్ని పిల్లల్ని కంటాయి. ప్రపంచంలో ఎక్కువ జాతులు గుడ్లు పెట్టేవే. బడి పిల్లలు ఒక గుర్తు చెప్తుంటారు: చెవులు బయటికి కనిపించేవి పిల్లల్ని కంటాయి, కనిపించనివి గుడ్లు పెడతాయి అని. బర్రెకూ కోడికీ ఆ గుర్తు సరిపోతుంది. పాముల దగ్గరికి వస్తే తప్పిపోతుంది. ఏ పాముకూ బయటికి చెవులు లేవు, అయినా కొన్ని కంటాయి.

మనుషుల ప్రాణం ఎక్కువగా తీసే పాములు మన దేశంలో నాలుగు. నాగుపాము, కట్లపాము, పొడపాము అనే రక్తపింజర, చిన్నపింజర. ఇందులో మొదటి రెండూ గుడ్లు పెడతాయి. తర్వాతి రెండు పింజరలూ పిల్లల్ని కంటాయి. అంత సులువుగా గుర్తుంటుంది.

నాగుపాము ఏప్రిల్ నుంచి జూలై వరకు గుడ్లు పెడుతుంది. ఒక్కసారికి 12 నుంచి 30 దాకా. ఎక్కడ పెడుతుందో మనకు తెలుసు: ఎలుక బొక్కలో, చెదల పుట్టలో. అంటే మన పొలం ఒడ్డు మీదే. ఆడపాము గుడ్ల దగ్గరే కావలి ఉంటుంది. 48 నుంచి 69 రోజుల్లో గుడ్లు పగులుతాయి. కోడిగుడ్డు పెంకులా గట్టిగా ఉండదు, తోలులా మెత్తగా ఉంటుంది. పిల్లకు మూతి చివర ఒక చిన్న పన్ను ఉంటుంది, దానితో గుడ్డును చీల్చుకొని బయటికి వస్తుంది. కొద్దిరోజులకు ఆ పన్ను రాలిపోతుంది. జానెడు పొడవుండే ఆ పిల్లకు ఆ రోజు నుంచే పడగ విప్పడం వచ్చు, కోరలుంటాయి, విషముంటుంది.

కట్లపాము ఇంకా ముందు పెడుతుంది, మార్చి నుంచి మే వరకు. సాధారణంగా 8 నుంచి 12 గుడ్లు, అదీ బొరియల్లోనే. ఇదీ గుడ్లను వదలకుండా దగ్గరే ఉంటుంది. పిల్లలు బయటపడేసరికి వానలు మొదలవుతాయి. పగలు ఎక్కడో ముడుచుకొని ఉండే ఈ పాము రాత్రి తిరుగుతుంది. వాన నీళ్లు బొరియల్లోకి చేరితే పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తుంది. కింద చాప మీద పడుకునే ఇళ్లు ఎవరివో చెప్పనవసరం లేదు.

ఇక పొడపాము. విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ కాలంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పుస్తకం వేశాడు. అందులో ఈ పామును అక్కడి తెలుగువాళ్లు పిలిచిన పేరుతోనే 'కాటుక రేకుల పొడ' అని నమోదు చేశాడు. ఒంటి మీద గొలుసులా ఉండే నల్ల అంచుల మచ్చలు చూసి మన పెద్దలు పెట్టిన పేరది. తర్వాత శాస్త్రవేత్తలు రస్సెల్ పేరే ఆ పాముకు పెట్టారు. పేరు మనది పోయినా పాము మన చేలల్లోనే ఉంది.

పొడపాము గుడ్లు పెట్టదు. గుడ్లు కడుపులోనే ఉంటాయి. పెంకు ఉండదు, పలుచని పొర మాత్రం ఉంటుంది. తల్లి ఎండకు కాచుకుంటూ కడుపులోని పిల్లలకు వేడి అందిస్తుంది. ఆరు నెలలకు పైగా మోస్తుంది. పిల్లలు కడుపులోనే పూర్తిగా ఎదిగి, ఆ పొరతోనే బయటికి వచ్చి, వెంటనే దాన్ని చింపుకొని పాకుతూ పోతాయి. ఒక్క ఈతకు 20 నుంచి 40 పిల్లలు మామూలే. ఒకే ఈతలో 65 కన్నట్టు కూడా నమోదైంది. మే నుంచి నవంబరు వరకు ఎప్పుడైనా ఈనవచ్చు గానీ ఎక్కువగా జూన్, జూలై నెలల్లోనే. కూలి అక్క చెప్పిన పాము పిల్లల్ని మింగింది కాదు, నిండు చూలాలు. ఆ పిల్లలు పుట్టబోయే పిల్లలు.

చిన్నపింజర గుట్టలు, రాళ్లు, పొడి నేలలు ఉన్నచోట బతుకుతుంది. తునికాకు తెంపే కాలంలో, రాళ్లు ఏరేటప్పుడు ఎదురయ్యేది ఇదే. ఇది కూడా పిల్లల్ని కంటుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు, సాధారణంగా 4 నుంచి 8. పెద్ద పామే మూరెడు ఉంటే పిల్ల వేలెడంత ఉంటుంది. ఆకుల్లో కలిసిపోతే కంటికి ఆనదు.

ఇప్పుడు ఈ లెక్కలన్నీ మన కార్తెల పక్కన పెట్టి చూడండి. రోహిణి కార్తెలో మనం దుక్కులు దున్ని, ఒడ్లు చెక్కే వేళకు కట్లపాము, నాగుపాము గుడ్లు ఆ ఒడ్డు బొక్కల్లోనే ఉంటాయి. మిరుగం, ఆరుద్రలో మనం పసుపు పెడుతూ, మక్క విత్తుతూ ఉండగా పొడపాములు ఈనుతుంటాయి. పునర్వసు, పుష్యమిలో నాట్ల మీద ఉండగా నాగుపాము పిల్లలు బయటికి వస్తుంటాయి. నాగుల పంచమికి మనం పాలు పోయడానికి పోయే పుట్టలో అప్పుడప్పుడే పగిలిన గుడ్లు ఉండవచ్చు. ఆశ్లేష, మఖలో ఆడవాళ్లు కలుపు తీయడానికి చేలల్లోకి వంగేసరికి ఆ సంవత్సరపు పిల్లలన్నీ విడివిడిగా తిరుగుతూ కప్పల కోసం, బల్లుల కోసం, ఎలుక కూనల కోసం వెతుకుతుంటాయి. గుడ్డు పెట్టేదైనా, పిల్లను కనేదైనా, అన్నిటి లెక్కా చివరికి వానాకాలానికే వచ్చి చేరుతుంది. ఎందుకంటే పిల్లలకు తిండి దొరికేది అప్పుడే. మనకూ తిండి పండేది అప్పుడే. సగం మరణాలు ఆ నాలుగు నెలల్లోనే ఎందుకు జరుగుతున్నాయో వెతకడానికి దూరం పోనక్కరలేదు.

మేము ఈ సంపాదకీయంలో చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. ఏ నెలలో వస్తుందో, ఏ పనిలో వస్తుందో, ఎవరి మీదికి వస్తుందో ముందే తెలిసిన చావును తలరాత అనకూడదు. సన్నద్ధత లేకపోవడం అనాలి.

ఇంకో మాట. మన చుట్టూ ఉన్న పాముల్లో ఎక్కువ జాతులు విషం లేనివి, లేదా మనిషికి ప్రమాదం చేయనివి. పెంటకుప్పలో దొరికిన గుడ్లు ఏ పామువో చూడకుండా మేము చెప్పలేం. జెర్రిపోతు, నీరుకట్టె కూడా గుడ్లు పెట్టేవే. నీరుకట్టె ఒక్కసారికి పదుల సంఖ్యలో పెడుతుంది. జెర్రిపోతు మగదని, నాగుపాము ఆడదని, రెండూ జతకడతాయని మన దగ్గర గట్టి నమ్మకం. పేరులోనే 'పోతు' ఉంది కదా మరి. కానీ జెర్రిపోతుల్లో ఆడవీ ఉన్నాయి, మగవీ ఉన్నాయి. నాగుపాముల్లోనూ అంతే. రెండు పాములు మెలేసుకొని నిలువునా లేస్తే 'సయ్యాట' అని కొత్త గుడ్డ వేసేవాళ్లున్నారు. చాలాసార్లు అవి రెండూ మగ జెర్రిపోతులే, ఆడదాని కోసం బలం చూపించుకుంటాయి. రెండు కోడెలు కొమ్ములు కలిపినట్టు.

పసిరిక పాము పిల్లల్ని కంటుంది. కళ్లు పొడుస్తుందని దాన్ని చూడగానే చంపుతారు, మనిషికి దానివల్ల ప్రాణాపాయం లేదు. రెండుతలల పాము కూడా పిల్లల్నే కంటుంది. దానికి ఉన్నది ఒకటే తల, తోక మొద్దుగా ఉండి అలా కనిపిస్తుంది. లక్షలు పలుకుతుందని దాన్ని పట్టి అమ్మజూపే దళారుల మాట విని ఎవరూ జైలుపాలు కావద్దు. పూలకుండీల కింద వానపాములా కనిపించే నల్లటి గుడ్డిపాముది ఇంకా చిత్రం: ఆ జాతిలో అన్నీ ఆడవే. మగదాని అవసరం లేకుండానే గుడ్లు పెడతాయి, ఆ గుడ్లలోంచి మళ్లీ ఆడవే వస్తాయి. అది తినేది చెదలు, చీమల గుడ్లు. చెవిలో దూరుతుందని దాన్ని చంపడం ఉత్త అన్యాయం.

జెర్రిపోతును, నీరుకట్టెను చంపితే నష్టం మనకే. ఎలుకల మందుకు ఎంత పెడుతున్నామో, ఒడ్డు బొక్కల్లో ఎన్ని కంకులు పోతున్నాయో ప్రతి వరి రైతుకూ తెలుసు. శ్రీరాంసాగర్ కాలువ కింద జగిత్యాల, కోరుట్లలో, మధ్య మానేరు కట్టిన తర్వాత సిరిసిల్లలో వరి పెరిగింది. వరి పెరిగితే ఎలుక పెరుగుతుంది, కప్ప పెరుగుతుంది, వాటి వెంట పాము వస్తుంది. పామును పిలిచింది మన పంటే. యాసంగి కోతలు అయ్యాక కొయ్యలకు నిప్పు పెట్టినప్పుడు ఒడ్డు పక్కన గడ్డిలోని గుడ్లు కూడా మాడిపోతాయి. కాలిపోయేది జెర్రిపోతు గుడ్లే కావచ్చు. బొరియ లోపలున్న ఎలుక మాత్రం బతుకుతుంది. కొయ్యలు కాల్చవద్దని భూసారం కోసం చెప్తూ వచ్చాం, ఇప్పుడు ఈ కారణం కూడా చేర్చుకోండి.

అలాగని నాగుపాము ఇంట్లోకి వస్తే దండం పెట్టి ఊరుకోమని మేము చెప్పడం లేదు. పామును చంపడం చట్టప్రకారం నేరం. ఆ చట్టం ఉండాల్సిందే. కానీ పాముకు చట్టం ఉన్న దేశంలో పాము కరిచిన కూలికి ఏ చట్టం ఉందని అడిగే హక్కు మనకు ఉంది. మండలానికి ఒకరైనా శిక్షణ పొందిన పాములు పట్టేవారిని పెట్టి, వాళ్ల ఫోను నంబరు గ్రామ పంచాయతీ గోడ మీద రాయిస్తే జనం కర్ర పట్టుకోవాల్సిన అవసరం సగం తగ్గుతుంది.

'చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలి' అన్నారు పెద్దలు. కొట్టే సంగతి పక్కన పెట్టినా అందులో ఒక నిజం ఉంది. చిన్న పామని తీసిపారేయకూడదు. జానెడు పింజర కరిస్తే 'పిల్ల పామే కదా, ఏమవుతుంది' అని ఇంట్లో కూర్చున్నవాళ్లున్నారు. గుడ్డులోంచి వచ్చినదైనా, కడుపులోంచి వచ్చినదైనా పుట్టిన క్షణం నుంచే విషం ఉంటుంది. పిల్ల కరిచినా పెద్దది కరిచినా పరుగు ఒకటే, సర్కారు దవాఖానకు.

కాటు పడ్డాక ఏం చేయాలో ఇక్కడ మళ్లీ చెప్తున్నాం, చదువు రానివాళ్లకు చదివి వినిపించండి. కరిచినచోట కోయవద్దు. నోటితో పీల్చవద్దు. తాడుతో బిగించి కట్టవద్దు, రక్తం ఆగి కాలు చచ్చుబడుతుంది. పసరు పోయవద్దు, మంత్రం కోసం ఆగవద్దు. మట్టెలు, కడియాలు, ఉంగరాలు ముందే తీసేయండి, వాపు వస్తే రావు. కరిచిన కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా చెక్కతో, గుడ్డతో ఆనించి కట్టండి. మనిషిని నడిపించవద్దు, పరుగెత్తించవద్దు. 108కు ఫోను చేయండి, ఆలస్యమైతే ఏ బండి దొరికితే ఆ బండి. పామును పట్టుకొనిపోయే పని పెట్టుకోవద్దు, మన దేశంలో ఇచ్చే మందు పైన చెప్పిన నాలుగు పాములకూ కలిపి తయారు చేసిందే.

కట్లపాము విషయం వేరేగా చెప్పాలి. దాని కాటు నొప్పి పుట్టదు, గాటు కనిపించకపోవచ్చు. రాత్రి నిద్రలో కరుస్తుంది. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే గ్యాసు గోలీ వేసి పడుకోబెట్టవద్దు. కింద పడుకున్న మనిషికి వానాకాలంలో ఈ గుర్తులు కనిపిస్తే పాముకాటే అనుకొని దవాఖానకు తీసుకుపోండి. వీలైతే మంచం మీద పడుకోవాలి, దోమతెరను చాప కిందికి, పరుపు కిందికి మడిచి పెట్టాలి. దోమతెర పామును కూడా ఆపుతుంది.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ మందు ఎక్కడి నుంచి వస్తుంది? తమిళనాడులో ఇరులర్ అనే ఆదివాసులు ఉన్నారు. తరతరాలుగా పాములు పట్టడం వాళ్ల పని. 1978లో వాళ్లు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదిలేస్తారు. ఆ విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో తయారైన విరుగుడును వేరుచేస్తే అదే మన దవాఖానలో ఇచ్చే సీసా. దేశమంతటి రైతుల ప్రాణం నిరుపేద ఆదివాసుల చేతి నైపుణ్యం మీద నిలబడి ఉంది. చంపకుండా పామును పట్టే విద్యే మందుకు మూలం.

మరి ఆ సీసా కాటు పడిన మనిషికి సమయానికి అందుతోందా? మా సమావేశాల్లో వినే మాట ఒకటే: ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోతే పెద్దాస్పత్రికి పొమ్మన్నారు, పెద్దాస్పత్రికి పోయేసరికి ఆలస్యమైంది. మందు ఉన్నచోట కూడా ఎక్కించడానికి వెనుకాడతారు, ఎక్కిస్తే కొందరికి ఒళ్లు దద్దుర్లు వచ్చి రక్తపోటు పడిపోతుందని భయం. ఆ భయానికి విరుగుడు ఆడ్రినలిన్ సూది, అది తెలిసిన డాక్టరు, నర్సు. అదేమీ కొండంత ఖర్చు కాదు. పింజర కాటుకు రక్తం గడ్డకడుతుందో లేదో చూసే పరీక్షకు కావలసింది శుభ్రమైన గాజు గొట్టం, ఇరవై నిమిషాల సమయం. అంతకంటే ఏమీ లేదు.

ప్రభుత్వాలకు తెలియని సంగతి కాదిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది, 2030 నాటికి మరణాలు సగానికి తగ్గిస్తామని అందులో రాసుకుంది. ఏటా 30 నుంచి 40 లక్షల కాట్లు, సుమారు 50 వేల మరణాలు అని అదే ప్రణాళిక ఒప్పుకుంది. 2024 నవంబరులో ప్రతి పాముకాటునూ తప్పనిసరిగా నమోదు చేయాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. పక్కనున్న కర్ణాటక అప్పటికే, ఫిబ్రవరిలోనే ఆ పని చేసింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. మన మండలంలో ఏముంది అన్నదే ప్రశ్న.

పాము కాటు ఎవరికి పడుతుందో కూడా చూడాలి. రాత్రి కరెంటు రోజుల్లో చీకట్లో స్టార్టర్ డబ్బా దగ్గరికి పోయి షాక్ కొట్టి కొందరు, పాము కరిచి కొందరు పోయారు. ఆ చావుల గురించి ఈ ప్రాంతపు ప్రతి ఊరికీ తెలుసు. 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు వచ్చాక ఆ నడక కొంత తగ్గింది. కాని అడవిపందులకు కావలి రాత్రే కాయాలి. కొనుగోలు కేంద్రంలో కుప్ప దగ్గర టార్పాలిన్ పక్కనే రాత్రిళ్లు పడుకోవాలి. మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్న ఇళ్లలో మడికి నీళ్లు కట్టేది, గడ్డి కోసేది, బర్లకు మేత వేసేది ఆడవాళ్లే. పొద్దంతా బీడీలు చుట్టి, పొద్దుగూకాక పొయ్యి కట్టెల కుప్పలో చెయ్యి పెట్టేదీ వాళ్లే.

చనిపోతే ఏం దక్కుతుంది? 2018 ఆగస్టు నుంచి రైతుబీమా ఉంది, కుటుంబానికి 5 లక్షలు. మంచిదే. కాని పట్టాదారు పాసు పుస్తకం ఉండాలి, వయసు 18 నుంచి 59 లోపు ఉండాలి. కౌలు రైతుకు లేదు. కూలికి లేదు. అరవై దాటినా ఇంకా మడి దున్నుతున్న ముసలి రైతుకు లేదు. భూమి భర్త పేరు మీద ఉంటే భార్యకు లేదు. కలుపు తీసే చేతికి పాస్‌బుక్ ఉందా లేదా అని పాము చూడదు. ఉత్తరప్రదేశ్‌లో పాముకాటును రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుని కుటుంబానికి 4 లక్షలు ఇస్తున్నారు, పట్టాతో పని లేదు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదు?

అందుకే సంఘం తరఫున ఈ కింది డిమాండ్లు ముందుంచుతున్నాం.

ఒకటి, ఏటా మే నెలాఖరుకల్లా, అంటే పొడపాములు ఈనే కాలానికి ముందే, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాముకాటు మందు, ఆడ్రినలిన్ సిద్ధంగా ఉంచాలి. ఎన్ని సీసాలు ఉన్నాయో బయటి బోర్డు మీద రోజూ రాయాలి.

రెండు, విషం ఎక్కిన గుర్తులు ఉన్నప్పుడు మొదటి మోతాదు ఎక్కించకుండా పెద్దాస్పత్రికి పంపకూడదు. మోతాదు పాము విషాన్ని బట్టే గాని మనిషి బరువును బట్టి కాదు, పసిపిల్లలకూ అంతే ఇవ్వాలి.

మూడు, కట్లపాము కాటుకు ఊపిరి అందించే యంత్రాలు, వాటిని నడిపే సిబ్బంది జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల సర్కారు దవాఖానల్లో రాత్రిపూట కూడా ఉండాలి. రెండు జిల్లాలకూ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి ఫలం పల్లెకు అందాలి.

నాలుగు, ప్రతి కాటూ, ప్రతి మరణమూ నమోదు కావాలి. ఇంటి దగ్గర చనిపోయినవాళ్లు కూడా లెక్కలోకి రావాలి. లెక్క లేకపోతే మందు రాదు.

ఐదు, పాముకాటు మృతుల కుటుంబాలకు పట్టాతో, వయసుతో సంబంధం లేకుండా పరిహారం ఇవ్వాలి. కౌలు రైతులు, కూలీలు అందులో ఉండాలి.

ఆరు, మక్క, పసుపు చేలల్లో పనిచేసేవారికి మోకాళ్ల దాకా బూట్లు, టార్చిలైట్లు సబ్సిడీ మీద ఇవ్వాలి. బురదలో నాటేటప్పుడు బూట్లు పనికిరావని మాకు తెలుసు. పనికొచ్చే చోటైనా ఇవ్వండి.

ఇవి సర్కారు చేయాల్సినవి. మనం చేయాల్సినవీ ఉన్నాయి. ఒడ్డు మీది గడ్డి కోసే ముందు కర్రతో తట్టాలి. కట్టెలకుప్ప, గడ్డివాము ఇంటి గోడకు దూరంగా వేసుకోవాలి. చీకట్లో దీపం లేకుండా అడుగు వేయవద్దు. ఎక్కడైనా గుడ్లు కనిపిస్తే చెయ్యి పెట్టవద్దు. విషపాములు గుడ్ల దగ్గరే ఉంటాయని పైన చెప్పాం. పాములు పట్టేవారికి చెప్పండి, లేదా ఆ చోటు వదిలేసి రెండు నెలలు జాగ్రత్తగా ఉండండి. జూన్ నుంచి ప్రతి గ్రామశాఖ సమావేశంలో పది నిమిషాలు ఈ విషయం మాట్లాడాలని నిర్ణయించాం. మీ ఊళ్లో ఎక్కడ గుడ్లు దొరికాయో, ఏ నెలలో పిల్లలు కనిపించాయో, ఎవరికి ఎక్కడ కాటు పడిందో రాసి పంపండి. సంవత్సరం తిరిగేసరికి మన మండలాల పాముల కార్తెల పట్టిక మనమే తయారుచేసి, దాన్ని పట్టుకొని కలెక్టరేట్‌కు పోదాం.

పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇచ్చాం. వచ్చే సమావేశంలో ఆయన ఇంకొకటి అడుగుతాడు: మన పీహెచ్‌సీలో మందు ఉందా, లేదా? దానికి జవాబు తెచ్చే పని ఈ వారమే మొదలుపెట్టండి. నాట్లు మొదలయ్యేలోపు ఊరికి ఇద్దరు చొప్పున వెళ్లి, సీసాలు లెక్కపెట్టి రండి.